పాఠకుల ప్రశ్నలు: ఊరికి చెప్పలేదు కదా

క్రిందటి నెల ఈ శీర్షిక చివర ఒక్క వాక్యం వేశాం: బ్లాగులోనో వీడియోల్లోనో తమ విశ్వాసం గురించి చెప్పుకునేవాళ్లు తమ చిక్కులు రాయండి అని. ముప్ఫై నాలుగు ఉత్తరాలు వచ్చాయి. పోస్టులో వచ్చినవి మూడే. మిగతావన్నీ వాట్సాప్‌లో, వాటిలో సగం చదవవలసినవి కావు, వినవలసినవి. ఒక అబ్బాయి పదకొండు నిమిషాలు మాట్లాడి, చివర "ఇదేనండి అమ్మగారూ, చిన్న సందేహం" అన్నాడు. వాటిలో ఆరు ఉత్తరాలకు జవాబిస్తున్నాను. ఎవరి పేరూ వేయడం లేదు. ఎందుకో రెండో జవాబులో ఉంది.

నన్ను కొత్తగా చదువుతున్నవారికి నా సంగతి రెండు ముక్కల్లో: విజయనగరంలో ఉంటాను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. 2009 నుంచి బ్లాగు రాస్తున్నాను. మా నాయనమ్మ బొబ్బిలిలో కెనడా బాప్టిస్టు మిషను వారి దగ్గర బైబిలు స్త్రీగా పనిచేసింది. సంచిలో కరపత్రాలు వేసుకుని ఊళ్లు తిరిగేది. నేను ఇంట్లో కూర్చుని తిరుగుతున్నాను, అంతే తేడా.

ప్రశ్న: ఇంట్లో బట్టలు కుడతాను. మా సంఘంలో అందరూ వాక్యం బొమ్మలూ పాటల వీడియోలూ పెడతారు. నాకు రాయాలని ఉంది. "బ్లాగుల కాలం ఎప్పుడో పోయింది" అని మా ఆయన నవ్వుతారు. పైగా నేను పాస్టరమ్మను కాను. వాక్యం చెప్పేంత చదువు లేదు. (ఒక సోదరి, రాజాం)

పోయిందని నేనూ పదేళ్లుగా వింటున్నానమ్మా. నా బ్లాగు మాత్రం ఉన్నచోటనే ఉంది, పైసా ఖర్చు లేకుండా ఉంది. 2009లో మా అబ్బాయి నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, లేఖిని తెరిచి, ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొట్టమన్నాడు. పక్క గడిలో తెలుగులో "అమ్మ" అని పడింది. నల్లబల్ల మీద ఎన్ని వేలసార్లు రాశానో ఆ మాట. అయినా కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను.

బొమ్మకూ రాతకూ ఉన్న తేడా చెబుతాను. పువ్వుల మధ్య వాక్యం అచ్చువేసిన బొమ్మ పొద్దున ఆరింటికి గ్రూపులో పడుతుంది, తొమ్మిదికల్లా మరో ముప్ఫై బొమ్మల కింద పూడిపోతుంది. వచ్చే సంవత్సరం ఎవరో ఒక తల్లి అర్ధరాత్రి నిద్ర పట్టక, ఫోనులో తెలుగులో తన బాధ కొట్టి వెతికితే ఆ బొమ్మ ఎదురుపడడం కష్టం. యూనికోడ్ తెలుగులో టైపు చేసిన పేజీ ఎదురుపడుతుంది. యూనికోడ్ అని ఎందుకు అంటున్నానంటే, మా పాస్టరుగారు ఒకసారి డీటీపీ సెంటరులో, అచ్చుపనికి వాడే "అను" అనే ఫాంట్లలో కొట్టించిన ప్రసంగాన్ని అలాగే తెచ్చి బ్లాగులో అతికించమన్నారు. అతికించాను. తెర మీద ఒక్క తెలుగు అక్షరం లేదు, అంతా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడ్డాయి. ఆయన చాలాసేపు చూసి "ఇది అన్యభాషలా ఉందమ్మా" అన్నారు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయి, మార్చుకున్నాం.

ఇంకో సంగతి. మా సంఘంలో హార్మోనియం వాయించే తమ్ముడికి చూపు లేదు. ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టుకుంటాడు. టైపు చేసినది ఏదైనా ఫోను అతనికి తెలుగులోనే చదివి వినిపిస్తుంది. మనం పంపే పువ్వుల బొమ్మ దగ్గరికి వచ్చేసరికి "ఫోటో" అని ఊరుకుంటుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక హార్మోనియానికి గుడ్డ కప్పుతూ అన్నాడు: "అమ్మా, రోజూ నలభై ఫోటోలు వస్తున్నాయి. అందులో ఏముందో ఒక్కరూ చెప్పరు." ఆ వారమే మా స్త్రీల సమాజం గ్రూపులో నియమం పెట్టాం: బొమ్మ పెట్టినవారు కింద ఆ వాక్యాన్ని టైపు చేయాలి. సగం మంది పాటిస్తున్నారు. మిగతా సగం దండం బొమ్మ పెట్టి ఊరుకుంటున్నారు.

ఇక మీ చదువు సంగతి. ప్రసంగం రాయమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ప్రసంగాలకు కొదవ లేదు. మీ ఉత్తరం నాలుగో పేజీలో, ఏదో చెబుతూ మధ్యలో ఒక మాట రాసి పారేశారు: పెళ్లికూతుళ్ల జాకెట్లు కుట్టేటప్పుడు చేతులు కుట్టే వేళ ఆ పిల్ల పేరు చెప్పి ప్రార్థన చేస్తానని, అది వాళ్లకు తెలియదని. అక్కడ మొదలుపెట్టండి. ఒక జాకెట్టు, ఒక మధ్యాహ్నం, ఒక పేజీ. బైబిలు వాక్యం తనంతట తాను అందులోకి వస్తే రానివ్వండి. రాకపోతే తాడు కట్టి లాగకండి. టైపు కష్టమైతే ఫోనుకు చెప్పి రాయించండి, కానీ పంపేముందు ఒకసారి చదువుకోండి. నేను "ప్రభువు కృప" అంటే నా ఫోను "ప్రభువు గ్రూపు" అని రాసింది.

ప్రశ్న: మా సంఘం యూట్యూబ్ చానల్ నేనే చూస్తాను. మా పెద్దాయన ఒకరు కిడ్నీ రోగి. ఉపవాస ప్రార్థనల తరువాత రెండు విడతల డయాలసిస్ మానేశారు, అయినా బాగానే తిరుగుతున్నారు. సాక్ష్యం రికార్డు చేశాం. "డయాలసిస్ మానేశాను, దేవుడు నిలబెట్టాడు" అని పేరు పెట్టి వేయమంటున్నారు. వేయనా? (ఒక యువకుడు, కవిటి మండలం)

బాబూ, ఈ పత్రిక నీ చేతికి వచ్చేదాకా ఆగే విషయం కాదు కనుక ఉత్తరం చదివిన రోజే నీకు ఫోను చేశాను. ఆయన మళ్లీ ఆసుపత్రికి వెళ్తున్నారని నువ్వు చెప్పాకే ఈ జవాబు రాయడానికి కూర్చున్నాను. ఇది మిగతా చానళ్ల వాళ్ల కోసం.

ఉద్దానంలో పుట్టినవాడివి. నీకు నేను చెప్పేదేముంది? కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఏ ఊళ్లో ఏ వీధిలో చూసినా కిడ్నీ జబ్బు తగలని ఇల్లు వెతుక్కోవాలి. ఏళ్ల తరబడి పరిశోధకులు నీళ్లూ మట్టీ పట్టుకెళ్లినా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు కాబట్టి ఇప్పుడు కొంత దూరాభారం తగ్గింది. ఆ వీధుల్లో వారానికి రెండు మూడుసార్లు తెల్లవారుజామునే లేచి సూది పోట్లకు వెళ్లే మనిషి నీ వీడియో పేరు చూస్తాడు. రేపు వెళ్లాలా, మానాలా అని ఆ రాత్రి ఆలోచిస్తాడు. నీ వీడియో చూసేది అమెరికాలో ఉన్నవాడు కాదు, ఆ మనిషి.

"బాగానే తిరుగుతున్నారు" అన్నావు. డాక్టరును అడిగే రాస్తున్నాను: మూత్రపిండాలు పనిచేయనప్పుడు ఒంట్లో పొటాషియం పేరుకుంటుంది. పైకి ఏమీ తెలియకపోవచ్చు. అది హద్దు దాటితే గుండె ఉన్నట్టుండి ఆగిపోతుంది. కొబ్బరితోటల మధ్య ఉంటూ డయాలసిస్ మనుషులు ఒక బొండం నీళ్లయినా తాగకూడదని చెప్పేది అందుకే. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ.

దేవుడు స్వస్థపరచడా అని నన్ను ఎదురు అడుగుతావని తెలుసు. నేను నమ్ముతాను. లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు వస్తే ప్రభువు ఏమన్నాడు? వెళ్లి యాజకులకు కనపరచుకోండి అన్నాడు. ఆ రోజుల్లో ఒంటి మచ్చలు పరీక్ష చేసి పోయిందా లేదా అని తేల్చే పని యాజకులది. లేవీయకాండములో రెండు అధ్యాయాలు అదే. పరీక్షకు ప్రభువు వెరవలేదు, మనకెందుకు వెరపు? మీ పెద్దాయన రక్తపరీక్ష చేయించుకుని, ఇక డయాలసిస్ అక్కరలేదని డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చిన రోజు రా. మాట్లాడుకుందాం. ఇంకో మాట: కొన్ని జబ్బులకు మంత్రతంత్రాలతో నయమవుతుందని ప్రకటించడాన్ని నిషేధిస్తూ 1954లోనే మన దేశంలో చట్టం చేశారు. ఆ జాబితాలో క్యాన్సరు, మధుమేహం, మూర్ఛ అన్నీ ఉన్నాయి. సాక్ష్యం ప్రకటన కిందికి వస్తుందా రాదా అని వాదించడం లాయర్ల పని. నీ పని ఆ పేరు తీసేయడం.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 2011లో మా సంఘానికి దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చేది. మూర్ఛలు. మందులు వాడుతూ, ప్రార్థన చేయించుకుంటూ రెండేళ్లకు కుదుటపడింది. నాకు ఆనందం ఆగలేదు. సాక్ష్యం అని బ్లాగులో రాశాను. ఊరి పేరు వేశాను, అమ్మాయి పేరు వేశాను, బడి దగ్గర పడిపోయిన రోజు సహా రాశాను. తెలుగు పంతులమ్మను కదా, వర్ణన బాగా కుదిరింది. ఎనిమిది నెలల తరువాత ఆ పిల్లకు సంబంధం కుదిరింది. తాంబూలాల ముందు పెళ్లికొడుకు తరఫు కుర్రాడెవరో ఊరి పేరు కొట్టి వెతికితే నా పేజీ వచ్చింది. అచ్చు తీయించి పట్టుకొచ్చారట, మడత పెట్టి, నాలుగు కాగితాలు.

ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. వరండాలో మెట్టు మీద కూర్చుంది, కుర్చీ వేసినా కూర్చోలేదు. తిట్టలేదు, ఏడవలేదు. "అమ్మగారూ, మేం దేవుడికి చెప్పుకున్నాం, మీకు చెప్పుకున్నాం. ఊరికి చెప్పలేదు కదా" అంది. మంచినీళ్లు ఇస్తే తాగి గ్లాసు బోర్లించి వెళ్లిపోయింది. పేజీ ఆ గంటలోనే తీసేశాను. అచ్చయిన నాలుగు కాగితాలను ఎక్కడని తీయను?

ఆ అమ్మాయికి తరువాత పెళ్లయింది. నాకు పిలుపు రాలేదు, రావలసిన అవసరమూ లేదు. అప్పటి నుంచి ఇంకొకరి సాక్ష్యం రాసేటప్పుడు నేను చేసేది ఒకటే. రాసింది వాళ్లకు చదివి వినిపిస్తాను, "మీ ఊళ్లో రామాలయం అరుగు మీద ఇదే చదివితే మీకు సమ్మతమేనా?" అని అడుగుతాను. ఇంటికి వెళ్లి వారం ఆలోచించుకుని చెప్పమంటాను. పదిమందిలో ఆరుగురు వద్దంటారు. పిల్లల విషయమైతే తల్లిదండ్రులు ఒప్పుకున్నా నేను రాయను.

ప్రశ్న: మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు జనం మధ్య నిలబడి "ఇదంతా వ్యర్థం" అని వీడియో చేశాను. రెండు రోజుల్లో ఇరవై వేలమంది చూశారు. బెదిరింపులు వచ్చాయి. మా పెద్దలు తీసేయమంటున్నారు. సత్యం చెప్పడానికి భయపడాలా? (ఒక యువకుడు, విజయనగరం)

తీసెయ్యి. ముందు తీసి, ఆ తరువాత ఇది చదువు.

చట్టం ముందు చెబుతాను, అది చిన్నది. ఇతరుల మత మనోభావాలను కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను ప్రకారం మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. 2024 జూలైకి ముందు ఐపీసీలో ఇదే 295ఏ. నిన్ను బెదిరించడం కూడా నేరమే. ఆ సందేశాలన్నీ తేదీలతో ఫోటో తీసి పెట్టుకుని, మీ పెద్దల్లో ఒకరిని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్లు.

ఇక సత్యం సంగతి. పౌలు ఎఫెసులో ఉన్నది రోజో రెండు రోజులో కాదు, రెండేళ్లకు పైనే. అది అర్తెమి దేవి పట్టణం. చివరకు అల్లరి రేగినప్పుడు ఊరి కరణం జనాన్ని సముదాయిస్తూ, వీళ్లు గుడి దోచినవాళ్లూ కారు, మన దేవతను దూషించినవాళ్లూ కారు అని సాక్ష్యం చెప్పాడు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం తీసి చూడు. రెండేళ్లు సువార్త చెప్పిన మనిషి గురించి అవతలి పక్షంవాడు అన్న మాట అది. నువ్వు రెండు నిమిషాలు మాట్లాడావు. నీ గురించి కరణం ఏమంటాడు?

మా నాయనమ్మ చెప్పేది. ఊళ్లోకి వెళ్తే ఆమెను అరుగు ఎక్కనిచ్చేవారు కాదు. దాహమంటే చెంబు చేతికివ్వరు. పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. మోచేతుల మీదుగా రవికె తడిసిపోయేది. అలా తాగాకే కరపత్రం సంచి విప్పేది. "ఆళ్ల నీళ్లు తాగకుండా ఆళ్లకి మాట సెప్పకూడదే" అనేది. చిన్నప్పుడు నాకు అది అవమానంగా తోచి కోపం వచ్చేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ నోటిలో ఆ ఇంటి నీళ్ల తడి ఉండగా ఆ ఇంటిని ఎగతాళి చేయడం కుదరదని ఆమెకు తెలుసు.

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను కదులుతుంది కదా, తెల్లవారకముందే చుట్టుపక్కల ఊళ్ల జనం మా వీధి గుండానే నడుస్తారు. మా అత్తగారి కాలం నుంచి గేటు దగ్గర రెండు కుండలు పెడుతున్నాం. రెండేళ్ల కిందట ఒక ముసలావిడ నీళ్లు తాగుతూ గుమ్మం మీది సిలువ చూసి, "మీరు కిరస్తానం వారా తల్లీ?" అంది. అవునన్నాను. ఇంకో గ్లాసు అడిగింది. అంతే. అది వీడియో తీయడానికి పనికిరాదు, ఒప్పుకుంటాను.

ప్రశ్న: పాత కీర్తన ఒకటి మా గాయక బృందంతో పాడించి పెడితే, ఎవరిదో హక్కు అని వీడియో మీద గుర్తు పడింది. పాత పాటలకు కూడా హక్కులా? (ఒక సోదరుడు, ఆమదాలవలస)

మాటలకు ఒక హక్కు, బాణీకి ఒకటి, రికార్డుకు మరొకటి. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ల వరకు మాటల మీద హక్కు ఉంటుంది. మన ప్రాంతంలో తిరిగి కీర్తనలు కట్టిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890లో పోయారు. ఆయన మాటలు ఇప్పుడు అందరివీ. కానీ మీరు వెనకాల వాయిద్యం కోసం వేరొకరి రికార్డు వాడి ఉంటారు, దానికి హక్కుదారు ఉంటాడు. వీడియోలను తనిఖీ చేసే యంత్రం పట్టేది దాన్నే. మీ హార్మోనియం, మీ డోలకు పెట్టుకుని మళ్లీ పాడించండి. అప్పుడూ గుర్తు పడితే అభ్యంతరం నమోదు చేయండి, అలా కొన్నిసార్లు పొరపాటున కూడా పడుతుంది. ఇంకొకటి, బైబిలు అనువాదానికీ హక్కు ఉంటుంది. నాలుగు వచనాలు రాసుకోవచ్చు, సువార్త మొత్తం చదివి పెట్టాలంటే బైబిలు సొసైటీని అడిగి పెట్టండి.

ప్రశ్న: మా బ్లాగు చూసి విదేశంలోని ఒక సంఘం నెలనెలా డబ్బు పంపుతామంటోంది. నా ఖాతా నంబరు ఇవ్వవచ్చా? (ఒక పాస్టరుగారు, పార్వతీపురం దగ్గర)

ఇవ్వకండి అయ్యగారూ. విదేశీ సంస్థ మతపరమైన పనికి పంపే డబ్బు తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. అది కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. మీ సొంత ఖాతాకు వస్తే మీరు మంచి మనసుతో తీసుకున్నా నేరమే. భారతీయ పౌరసత్వం ఉన్న మీ అన్నగారో మేనల్లుడో దుబాయిలో కూలి చేసి తన సంపాదనలో పంపేది వేరు. అది విదేశీ విరాళం కాదు. ఎందుకైనా మంచిది, ఒక ఆడిటరును కలవండి. బ్లాగుకు నెలకు అసలు ఎంత అవుతుంది? నాకైతే ఫోను రీచార్జి ఖర్చే.

ప్రశ్న: ఏడాదిగా వారానికి ఒకటి చొప్పున రాస్తున్నాను. లెక్క చూస్తే పదకొండుమంది కంటే ఎక్కువ రావడం లేదు. అందులో మా అత్తగారు ఒకరు. ఆమె ఇంకా ప్రభువును తెలుసుకోలేదు. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని విసుక్కుంటూనే ప్రతి శనివారం చదువుతారు. మానేద్దామా అనుకుంటున్నాను. (ఒక సోదరి, నరసన్నపేట)

ఆవిడ ఫోనులో సెట్టింగ్స్ తెరవండి. డిస్‌ప్లే అని ఉంటుంది, అందులో అక్షరాల సైజు ఉంటుంది, దాన్ని కుడివైపు చివరిదాకా జరపండి. మీ బ్లాగులో కూడా వరుసకూ వరుసకూ మధ్య కాస్త ఖాళీ వదలండి. తెలుగులో వత్తులు కింది వరుసకు తగులుతాయి, అరవై దాటిన కళ్లకు అది నరకం. శుక్రవారం రాత్రికల్లా రాసి పెట్టేయండి, శనివారం పొద్దున ఆవిడ వెతుక్కోకుండా.